సుమో పోటీలకు ఉదయమే ఎందుకు వెళ్లాలి: కొకుగికాన్‌లో మా పదో రోజు

ప్రశ్న ఇది: టోక్యో వెళ్తున్న ఒకరికి సెప్టెంబరు సుమో పోటీల టికెట్టు దొరికింది. ఆట ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలోనే మొదలవుతుందని, పేరున్న మల్లులు మాత్రం సాయంత్రం గాని బరిలోకి దిగరని ఆయన విన్నారు. ఎన్ని గంటలకు వెళ్తే మంచిది, నియమాలు తెలియకపోయినా అర్థమవుతుందా అని అడుగుతున్నారు.

ఉదయమే వెళ్లండి. నేను టోక్యోలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. మొదటి మూడుసార్లు అందరిలాగే మధ్యాహ్నం మూడున్నరకు వెళ్లి, పెద్దవాళ్ల పట్లు చూసి, ఆరింటికి బయటికి వచ్చి, సుమో చూశానని అనుకున్నాను. నాలుగోసారి, సెప్టెంబరు పోటీల పదో రోజున, ఊరి నుంచి వచ్చిన మా నాన్నగారిని వెంటబెట్టుకుని తొమ్మిదింటికే టోక్యోలో పోటీలు జరిగే కొకుగికాన్ భవనానికి వెళ్లాను. అంతవరకు నేను చూసింది పైఅంతస్తు ఒక్కటేనని ఆ రోజే తెలిసింది.

ముందుగా పోటీల స్వరూపం చెప్పాలి. ఏడాదికి ఆరు పెద్ద పోటీలు జరుగుతాయి: జనవరి, మే, సెప్టెంబరు నెలల్లో టోక్యోలో, మార్చిలో ఒసాకాలో, జులైలో నగోయాలో, నవంబరులో ఫుకుఓకాలో. ప్రతి పోటీ ఆదివారం మొదలై 15 రోజులు సాగుతుంది. ఓడినవాడు ఇంటికి పోవడమనేది ఇందులో లేదు. పై రెండు అంచెలవారు రోజూ ఒక పట్టు చొప్పున 15 పట్లు పడతారు, కింది నాలుగు అంచెలవారు ఏడు పడతారు. 15లో 8, లేదా 7లో 4 గెలిస్తే తరువాతి పోటీలో స్థానం పైకి జరుగుతుంది, తగ్గితే కిందికి జారుతుంది. అందువల్ల ఏ రోజు చూసినా ప్రతి మల్లుడూ తన లెక్కలో గెలుపుకు తెల్ల చుక్కో ఓటమికి నల్ల చుక్కో వేసుకోవడానికే వచ్చి ఉంటాడు. ముందురోజు రాత్రి నేను సుమో సంఘం వెబ్‌సైటులో ఆ రోజు జతలను చూసి, నాన్నగారి కోసం ఒక నోటు పుస్తకంలో పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో రాసిపెట్టాను. ఆయన పెన్ను పట్టుకుని గెలిచినవాడి పక్కన సున్నా చుడుతూ, ఓడినవాడి పక్కన సున్నాను నలుపుతో నింపుతూ రోజంతా కూర్చున్నారు. మీరు కూడా ఈ పని చేయండి. పేరు పక్కన మీ చేతి గుర్తు ఒకటి పడితే ఆ మనిషి మీకు గుర్తుండిపోతాడు.

మేము వెళ్లేసరికి దాదాపు 11,000 మంది పట్టే ఆ భవనంలో వంద మందికి మించి లేరు. అంత నిశ్శబ్దంలో ఒంటికి ఒళ్లు తగిలిన చప్పుడు పై వరుసల దాకా స్పష్టంగా వినిపిస్తుంది. బంకమట్టితో కట్టిన ఎత్తైన దిమ్మె మీద గడ్డి చుట్టలు పాతి చేసిన వలయమే బరి. దాని అడ్డుకొలత 4.55 మీటర్లు. వలయం బయట చుట్టూ సన్నని ఇసుక పరిచి చీపురుతో చదును చేస్తారు, దానిని ‘పాము కన్ను’ అనే అర్థమిచ్చే మాటతో పిలుస్తారు. జోనిదన్ అనే కింది అంచెలో ఒక కుర్రవాడు వచ్చాడు. జుట్టు ఇంకా ముడికి అందేంత పెరగలేదు. ఎదురుగా నిలబడినవాడు బరువులో అతనికి రెట్టింపు ఉంటాడు, ఎందుకంటే సుమోలో బరువును బట్టి తరగతులు లేవు. కుర్రవాడు తల కిందికి పెట్టి దూసుకుపోయి, రెండు చేతులతో అవతలివాడి దట్టీని ముందువైపు దొరకబుచ్చుకుని, కాలి వేళ్లు మట్టిలో గుచ్చుతూ ఒక్కొక్క అడుగే ముందుకు వేశాడు. పెద్దవాడి మడమ గడ్డి చుట్ట మీదికి వచ్చింది, ఒక్క క్షణం అక్కడే ఆగింది, ఆ తరువాత వెనక్కి జారింది. అంతా కలిపి ఐదారు సెకన్లు పట్టి ఉంటుంది. నున్నటి ఇసుక మీద అరచేతి వెడల్పున ఒక మడమ గుర్తు మాత్రం మిగిలింది. మల్లుల పేర్లు పిలిచే మనిషి చీపురు తెచ్చి దానిని చెరిపేశాడు.

“చూశావా అమ్మాయీ, వాడు గెలిచింది కాలితో, భుజంతో కాదు” అన్నారు నాన్నగారు.

ఆయన చిన్నతనంలో మా ఊరి తాలింఖానాలో కుస్తీలు చూసినవారు. అందుకే మొదట్లో ఒకటి రెండుసార్లు, అవతలివాడు చేతులు నేలకు ఆన్చగానే ఆట ఆపేస్తే, “ఇంకా చిత్తు చేయలేదు కదా” అని ఆశ్చర్యపోయారు. సుమోలో వెల్లకిలా పడవేయనక్కర లేదు. అరికాలు తప్ప ఒంట్లో ఏ భాగం నేలకు తగిలినా, వలయం దాటి ఏ వేలు బయట పడినా ఓటమే. నియమాలు తెలియకపోతే ఎలా అన్న మీ సందేహానికి సమాధానం ఇంతకంటే పెద్దది కాదు. అధికారికంగా గుర్తించిన గెలుపు విధానాలు 82 ఉన్నా, ఎక్కువ పట్లు రెండు మూడు రకాలుగానే ముగుస్తాయి: దట్టీ పట్టుకుని గీత దాకా నడిపించడం, పట్టు లేకుండా అరచేతులతో నెట్టివేయడం, మీదికి వచ్చేవాడిని పక్కకు తప్పుకుని కిందికి చరచడం. గంటసేపు చూస్తే ఇవి మీకే తెలిసిపోతాయి.

ఉదయం నుంచి ఉన్నవారికి మాత్రమే కనిపించేది మెట్ల వరుస. కింది అంచెల మల్లులు నల్లని నూలు దట్టీలు కట్టుకుంటారు, వాళ్లకు పట్టుకు ముందు బరిని శుద్ధి చేసే ఉప్పు చల్లే హక్కు లేదు, నెలజీతమూ లేదు. వాళ్ల పట్టును నడిపించే న్యాయనిర్ణేత సైతం బట్టలు మోకాళ్ల దాకా ఎత్తి కట్టి, వట్టి కాళ్లతో నిలబడతాడు. మధ్యాహ్నం దాటి పై నుంచి రెండోదైన జూర్యో అంచె మొదలయ్యేసరికి ఒక్కసారిగా అన్నీ మారిపోతాయి: రంగురంగుల పట్టు దట్టీలు, జపాన్‌లో పెరిగే గింకో చెట్టు ఆకులా విప్పార్చి కట్టిన జుట్టుముడి, ఉప్పు గుప్పిళ్లు, న్యాయనిర్ణేత కాళ్లకు మేజోళ్లు. జూర్యోలో అడుగుపెట్టినవాడికే నెలకు 11 లక్షల యెన్‌ల జీతం వస్తుంది. మొత్తం మీద ఆరు వందలకు అటూ ఇటూ ఉండే మల్లులలో ఆ గీతకు పైన ఉండేది 70 మందే. ఈ మెట్లు ఎక్కడానికే గాని దిగడానికి కావని అనుకోకండి. తెరునోఫుజి 2015లో ఓజెకి, అంటే అగ్రస్థానానికి ఒక్క మెట్టు కింద ఉన్నవాడు. మోకాళ్ల గాయాలు, జబ్బులతో జారి జారి 2019 మార్చికి మేము ఉదయం చూసిన ఆ జోనిదన్‌లోనే నల్ల దట్టీ కట్టుకుని నిలబడ్డాడు. అక్కడి నుంచి మళ్లీ ఎక్కి 2021లో 73వ యోకోజునా, అంటే అగ్రస్థాన మల్లుడు అయ్యాడు. ఈ కథ నేను ముందే చదివి ఉన్నాను గాని, ఆ ఖాళీ కుర్చీల మధ్య కూర్చున్నాకే దాని బరువు నాకు అందింది.

భోజనం లోపలే దొరుకుతుంది. భవనం నేలమాళిగలోనే కాల్చి అమ్మే కోడిమాంసం పుల్లలకు పెద్ద పేరు. కోడి రెండు కాళ్ల మీద నిలబడుతుంది, నాలుగు కాళ్ల జంతువు చేతులు నేలకు ఆన్చినట్లు ఉంటుంది కాబట్టి మల్లులకు కోడి శుభమని అక్కడ చెప్పుకుంటారు. నలుగురికని ఇచ్చే పెట్టె సీట్లలో కుర్చీలుండవు. బాసింపట్టు వేసుకుని కూర్చునే అలవాటు ఉన్న మనవాళ్లకు కష్టం ఉండదు గాని, నలుగురూ పెద్దవాళ్లయితే ఇరుకే. ఇద్దరికి తీసుకోవడం మేలు.

జూర్యోలో ఒక పట్టు దగ్గర ఇద్దరూ కలిసి బరి కిందికి పడిపోయారు. న్యాయనిర్ణేత తన విసనకర్రను పడమటి వైపు నుంచి వచ్చిన మల్లుడి దిక్కుకు చూపాడు. ఎవరు గెలిచారో తెలియలేదనే వీలు అతనికి లేదు, ఎవరో ఒకరిని చూపి తీరాలి. ఈ న్యాయనిర్ణేతలలో అగ్రస్థానంలో ఉన్నవాడు తీర్పు తప్పితే ప్రాణం తీసుకోవడానికి సిద్ధమన్న గుర్తుగా నడుముకు చిన్న కత్తి ధరిస్తాడు. ఈలోగా బరి చుట్టూ నల్లని దుస్తుల్లో కూర్చున్న ఐదుగురు పెద్దలలో ఒకరు చెయ్యెత్తారు. ఐదుగురూ పైకెక్కి మాట్లాడుకున్నారు. ప్రధాన న్యాయమూర్తి చెవిలో ఉన్న పరికరం ద్వారా వీడియో గది మాట విని, ఇద్దరూ ఒకేసారి పడ్డారని, మళ్లీ పట్టాలని మైకులో ప్రకటించారు. ఈ వీడియో వెనుక ఒక గాయం ఉంది. 1969 మార్చిలో, వరుసగా 45 గెలుపుల మీద ఉన్న యోకోజునా తైహో గెలిచాడని న్యాయనిర్ణేత చూపితే, పెద్దలు దానిని తిప్పి తోదా అనే మల్లుడికి ఇచ్చారు. ముందు బయటపడింది తోదా కాలేనని ఆ తరువాత ఫొటోలు చూపాయి. తీర్పు మారలేదు, వరుస తెగిపోయింది. ఆ వెంటనే మే పోటీల నుంచి వీడియో సాక్ష్యాన్ని తెచ్చారు.

మూడు గంటల నలభై నిమిషాల ప్రాంతంలో 42 మంది ఉండే మకుఉచి అనే పైఅంచె మల్లులు అలంకరించిన వస్త్రాలతో బరి చుట్టూ నిలబడతారు, ఆ వెనుక యోకోజునా నడుముకు తెల్లని లావుపాటి తాడు కట్టుకుని వస్తాడు. అతడు కాలెత్తి నేల మీద మోపిన ప్రతిసారీ జనమంతా ఒక్క గొంతుతో “యోయిషో” అంటారు. ఇక్కడి నుంచి కొత్తవారికి విసుగు పుట్టించేది పట్టుకు ముందు గడిచే నాలుగు నిమిషాలు: వంగడం, చూసుకోవడం, లేచి ఉప్పుకు వెళ్లడం, మళ్లీ రావడం. పూర్వం దీనికి హద్దే లేదు, 1928లో రేడియో ప్రసారాలు మొదలైనప్పుడే గడువు పెట్టారు. కింది అంచెలవారికి ఈ సమయం దొరకదు, వచ్చీరాగానే కలబడాలి. ఉదయం ఆ తొందరను చూసిన కళ్లకు సాయంత్రపు నాలుగు నిమిషాలు సంపాదించుకున్న ఆస్తిలా కనిపిస్తాయి. గడువు ముగిసిందని తెలుసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను: మూల దగ్గర మల్లుడికి తుండు అందించే మనిషి లేచి నిలబడతాడు. అది చూడగానే హాలు మొత్తం హోరెత్తుతుంది. అప్పుడు కూడా ‘మొదలు’ అని చెప్పేవారెవరూ ఉండరు. ఇద్దరూ చేతులు నేలకు తాకించి, ఒకరి ఊపిరిని ఒకరు పట్టుకుని, కలిసి లేవాలి. నాకు సుమోలో అన్నిటికంటే ఇష్టమైనది ఆ క్షణమే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ బరి మీద ఆడవారు అడుగు పెట్టకూడదన్న కట్టుబాటు నేటికీ ఉంది. 2018లో మైజురు పట్టణంలో ప్రదర్శన జరుగుతుండగా బరి మీద కుప్పకూలిన మేయరుకు ప్రథమచికిత్స చేస్తున్న స్త్రీలను దిగిపొమ్మని ప్రకటించారు, తరువాత సంఘాధ్యక్షుడు క్షమాపణ చెప్పారు. నేను ఈ ఆటను ప్రేమిస్తాను, ఆ కట్టుబాటు మారాలని కోరుకుంటాను.

ఆరింటికి చివరి పట్టు అయిపోగానే లేచిపోకండి. ఒక మల్లుడు బరి మధ్యకు వచ్చి విల్లును గిరగిర తిప్పే తంతు ఉంటుంది, అది చూడదగ్గది. బయటికి వస్తుంటే ఎత్తైన కర్ర మంచె మీద డోలు మోగుతూ ఉంటుంది. రేపు మళ్లీ రండి అని ఆ మోతకు అర్థం, అందుకే పోటీల ఆఖరి రోజున దానిని వాయించరు. నాన్నగారు మంచె కింద నిలబడి నోటు పుస్తకం తెరిచి, “ఆ ముడి లేని పిల్లవాడికి రేపుందా?” అని అడిగారు. కింది అంచెలవారికి రోజూ ఉండదని, రేపు గాని ఎల్లుండి గాని ఉంటుందని చెప్పాను.

ఆయన ఇప్పుడు ఊళ్లోనే ఉన్నారు. మన గడియారం ప్రకారం పైఅంచె పట్లు మధ్యాహ్నం పన్నెండు దాటాక మొదలై రెండున్నరకు ముగుస్తాయి కాబట్టి, ఇండియాలో ఉన్నవారికి కూడా వెంట ఉండి చూడడం కష్టం కాదు. అన్ని అంచెల ఫలితాలూ సంఘం వెబ్‌సైటులో ఉంటాయి. నవంబరులో ఫుకుఓకా పోటీలు ముగిసిన రాత్రి ఆయన ఫోను చేసి, విజేత ఎవరని అడగలేదు, ఆ కుర్రవాడి లెక్క అడిగారు. ఏడింటిలో నాలుగు గెలిచాడని చెప్పాను.