బరువు జరిపాక నడుం నొప్పి, కాలు లాగుడు: ఆగాలా, డాక్టర్ దగ్గరికి వెళ్లాలా?

బీరువా జరిపాక 10 రోజులుగా నడుం పట్టేసి కుడి కాల్లోకి లాగుతోందంటే, అది చాలావరకు డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండులాంటిది) కాస్త జరిగి నరాన్ని నొక్కడం వల్లే, సయాటికా అంటారు. ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది, మంచానికే అతుక్కుపోకుండా మెల్లగా తిరుగుతూ ఉండండి.

కానీ అందరూ నొప్పి ఎంతుందో చూస్తారు, తిమ్మిరి ఎక్కడుందో చూడరు.

1. బాత్రూంలో కడుక్కునేటప్పుడు మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు చెయ్యి తగిలినట్టు సరిగ్గా తెలియట్లేదా? మూత్రం వచ్చినట్టుండి రావట్లేదా, లేక తెలీకుండానే పడిపోతోందా? వీటిలో ఒక్కటున్నా అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి వెళ్లండి, వెన్ను చివర నరాల కట్ట నలుగుతోందేమో, ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతంగా ఉండిపోవచ్చు. సిగ్గుపడి ఈ విషయం డాక్టర్‌కి చెప్పనివాళ్లు ఉంటారు, దయచేసి మీరు మాత్రం అడక్కముందే చెప్పండి.

2. గోడ పట్టుకుని మడమల మీద నాలుగడుగులు వెయ్యండి. ముందుపాదం పైకి లేవకపోతే ఇవాళే చూపించుకోండి, లాగుడు రెండు కాళ్లకీ పాకినా అంతే.

3. జ్వరం, ఊరికే బరువు తగ్గడం, ఇదివరకు క్యాన్సర్ ఉండటం, పడుకున్నా వదలని రాత్రి నొప్పి, వీటిలో ఏదున్నా వాయిదా వెయ్యొద్దు.

ఇవేవీ లేకపోయినా కొన్ని వారాల్లో తగ్గుముఖం పట్టకపోతే ఒకసారి వెళ్లి చూపించుకోండి.