టెక్ సందేహాలు: ఫొటోలో పడ్డ అక్షరాన్ని మార్చేదెట్లా?

ప్రశ్న: మాది నారాయణపేటల చేనేత చీరెల దుకాణం. జిల్లా కాకముందు చేయించిన పాంప్లెట్ ఉన్నది. ఇప్పుడు దాని జేపీజీ ఫొటో ఒక్కటే మిగిలింది. అడ్రసుల ‘మహబూబ్‌నగర్ జిల్లా’ అని ఉన్నకాడ ‘నారాయణపేట జిల్లా’ అని రావాలె. అక్షరాల వెనక గళ్ళ చీరె బొమ్మ ఉన్నది. ఫొటోషాప్‌ల ఎంత క్లిక్ చేసినా కర్సర్ వస్తలేదు. ఏం చెయ్యాలె?
– ఒక దుకాణదారు, నారాయణపేట

జవాబు: కర్సర్ రాదు. జేపీజీలో అక్షరాలు ఉండవు, అక్షరాల ఆకారంలో పేర్చిన రంగు చుక్కలుంటాయి. ఫొటోషాప్ దృష్టిలో మీ జిల్లా పేరూ, దాని పక్కనున్న చీరె అంచూ ఒకటే. టైప్ టూల్‌తో క్లిక్ చేస్తే పాత మాట తెరుచుకోదు, దాని నెత్తిన కొత్త లేయర్, అంటే పారదర్శకమైన పొర ఒకటి పుడుతుంది.

అందుకని ముందు ఫొటోషాప్ మూసేసి, పాంప్లెట్ కొట్టించిన ప్రెస్సుకు ఫోన్ చేయండి. మీ జిల్లా ఏర్పడింది 2019 ఫిబ్రవరిలో. అంతకుముందు పని అయినా సరే, పాత హార్డ్ డిస్కులో పీఎస్‌డీయో (లేయర్లు విడివిడిగా ఉండే ఫొటోషాప్ ఫైలు), కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫైలో పడి ఉండొచ్చు. డిజైన్ చేసినతను ప్రెస్సుకు మెయిల్‌లో పంపి ఉంటే అక్కడా వెతికించండి. పీఎస్‌డీ దొరికిందంటే లేయర్స్ ప్యానెల్‌లో ‘టీ’ గుర్తున్న లేయర్ మీద డబుల్ క్లిక్ చేసి మాట మార్చుకోవడమే. అయితే ఒక చిక్కుంది. అప్పట్లో తెలుగు పని చాలావరకు అను ఫాంట్లలో జరిగేది. ఆ ఫాంట్ మీ సిస్టంలో లేకుంటే తెలుగు అంతా పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలుగా కనిపిస్తుంది. కంగారుపడి వేరే ఫాంట్ పెట్టి సేవ్ చేయకండి. ఆ ఫాంట్ ఉన్న డీటీపీ సెంటర్‌లో తెరిపించండి.

ఫైలు దొరకలేదనుకుందాం. అప్పుడు అసలు కష్టం కొత్త పేరు రాయడంలో లేదు, పాత పేరు కింద దాగిన చీరెను మళ్ళీ పుట్టించడంలో ఉంది. వెనక ఆకాశమో, సున్నం గోడో అయితే స్పాట్ హీలింగ్ బ్రష్‌తో రుద్దినా, ఆ భాగం సెలెక్ట్ చేసి కంటెంట్ అవేర్ ఫిల్ ఇచ్చినా సరిపోయేది. ఇవి చుట్టుపక్కల రంగులు చూసి అందాజుగా నింపుతాయి. నారాయణపేట గళ్ళ దగ్గర ఆ అందాజు పనికిరాదు, గీత వంకరపోయిందని చీరెలు తెలిసిన ఏ కన్నయినా పట్టేస్తుంది. ఇక్కడ ఒకచోటి బొమ్మను ఉన్నదున్నట్టు ఇంకోచోట అచ్చువేసే క్లోన్ స్టాంపే దిక్కు. పైన ఖాళీ లేయర్ ఒకటి తీసుకుని, శాంపిల్ దగ్గర ‘కరెంట్ అండ్ బిలో’ పెట్టండి, ‘అలైన్డ్’ టిక్ చేయండి. ఆల్ట్ నొక్కి, శుభ్రంగా ఉన్న ఒక గడి మూల మీద క్లిక్ చేయండి. చెరపాల్సిన చోట కూడా సరిగ్గా గడి మూల నుంచే మొదలుపెట్టండి. మూలకు మూల కలిస్తే మిగతా గీతలు వాటంతటవే కుదురుతాయి. చీరె మడత పడి నీడ మారిన చోట మాత్రం దగ్గరలోనే శాంపిల్ తీసుకుంటూ పోవాలి. ఓపికతో కూడిన పని, చెప్పినంత సులువు కాదు.

నన్నడిగితే ఇంత తిప్పలు పడను. చీరె అంచు రంగునే ఐడ్రాపర్‌తో (క్లిక్ చేసిన చోటి రంగును పట్టుకునే టూల్) తీసుకుని, అడ్రసు మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక పట్టీ వేసి, దాని మీద కొత్తగా రాస్తాను. పది నిమిషాల్లో అయిపోతుంది, చూసేవాళ్ళకు డిజైనే అట్లా ఉందనిపిస్తుంది.

ఏ దారిన పోయినా ఒక్క మాట మార్చకండి, లైనంతా మార్చండి. పాత ‘జిల్లా’ పక్కన కొత్త ‘నారాయణపేట’ పెడితే ఫాంట్ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, సురవరం వంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. సురవరం ప్రతాపరెడ్డిగారు మన పాలమూరు బిడ్డ, కాబట్టి పాలమూరు దుకాణం పాంప్లెట్ మీద ఆయన పేరున్న ఫాంటుంటే నాకైతే ముచ్చటేస్తుంది. పట్టీ వేయకుండా ఫొటో మీదే రాస్తే కొత్త అక్షరాలు వెలిసిన చీరెకు కొత్త గుడ్డ మాసిక వేసినట్టు మెరుస్తాయి. అంచులు కొద్దిగా మసకబారేలా గాసియన్ బ్లర్ అర పిక్సెల్ ఇచ్చి, పాత ఫొటోలోలా గరుకు కనబడేలా కొద్దిగా నాయిస్ కలపండి. రంగు కూడా పచ్చి నలుపు పెట్టకుండా, మిగిలిన పాత అక్షరాల నుంచే ఐడ్రాపర్‌తో తీసుకోండి.

ఫొటోషాప్‌కు నెలనెలా కట్టడం ఎందుకనుకుంటే, బ్రౌజర్‌లో ఉచితంగా నడిచే ఫొటోపీలో పీఎస్‌డీ కూడా తెరుచుకుంటుంది. కంప్యూటర్‌లో వేసుకునే జింప్ అనే ఫొటో ఎడిటర్ కూడా ఉచితమే. అందులో క్లోన్‌కు ఆల్ట్ బదులు కంట్రోల్ నొక్కాలి. పని అయ్యాక లేయర్లున్న ఫైలును సేవ్ చేసి మీ మెయిల్‌కు మీరే పంపుకోండి. ప్రెస్సుకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకుంటే అది కుదించేస్తుంది.

ప్రశ్న: ఫ్లెక్సీ షాపు నడుపుతున్నాను. యూనికోడ్‌లో టైప్ చేసిన ‘జిల్లా’ ఫొటోషాప్‌లో పేస్ట్ చేస్తే వత్తు విడిపోయి, ల మీద పొల్లు, పక్కన ఇంకో లా వస్తున్నాయి.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తప్పు ఫాంట్‌ది కాదు. పాత వెర్షన్లలో ఎడిట్ – ప్రిఫరెన్సెస్ – టైప్‌లోకి వెళ్ళి, టెక్స్ట్ ఇంజిన్ దగ్గర ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ ఎంచుకోండి. కొన్ని వెర్షన్లలో దీని పేరు ‘వరల్డ్-రెడీ’ అని ఉంటుంది. ఫొటోషాప్ మూసి తెరిచాక కొత్త ఫైల్లో టైప్ చేసి చూడండి. అప్పటికే ఉన్న లైను మారకపోతే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలోనూ వరల్డ్-రెడీ పెట్టాలి. జింప్‌లో ఈ సెట్టింగుల గొడవ లేకుండానే వత్తులు సరిగా పడతాయి.

ప్రశ్న: ఇవన్నీ ఎందుకు, జెమినై లాంటి ఏఐకి ‘ఈ పేరు తీసి ఆ పేరు పెట్టు’ అంటే అయిపోదా?
– ఒక విద్యార్థి, నాగర్‌కర్నూల్

జవాబు: ఇంగ్లిష్ పేరైతే చాలాసార్లు అయిపోతుంది. తెలుగులో ఏఐ అక్షరాన్ని బొమ్మగా గీస్తుంది కాబట్టి వత్తులు, గుణింతాల దగ్గర బోల్తా పడుతుంది. పైగా మీరు చెప్పింది ఒక్క మాటే అయినా బొమ్మంతా మళ్ళీ గీయొచ్చు. ఫోన్ నంబర్లో మూడు ఎనిమిదైనా మీకు చెప్పదు. నేనైతే దానికి చెరిపే పని మాత్రమే ఇచ్చి, రాసే పని నా దగ్గర ఉంచుకుంటాను. జెమినైలో తయారైన బొమ్మల్లో సింథ్‌ఐడీ అనే కంటికి కనిపించని గుర్తు కూడా ఉంటుందని గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి మెమోలో నా పేరులో ఒక అక్షరం తప్పు పడింది. స్కాన్ కాపీలో మార్చిస్తామని జిరాక్స్ సెంటర్‌లో అంటున్నారు. మార్పించవచ్చా?
– ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: వద్దు. మీ పేరు మీరే సరిచేసుకున్నా కాగితం నకిలీదే అవుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఫోర్జరీకి సెక్షన్ 336, అలాంటి కాగితాన్ని అసలుదిగా వాడినందుకు సెక్షన్ 340 ఉన్నాయి. హాల్ టికెట్ నంబర్‌తో బోర్డు రికార్డు చూస్తే తేడా వెంటనే బయటపడుతుంది. అప్పుడు చిక్కుల్లో పడేది జిరాక్స్ సెంటర్ కాదు, మీ అమ్మాయి. చదివిన బడి హెడ్మాస్టర్ ద్వారా బోర్డుకు సవరణ దరఖాస్తు పెట్టండి. ఒకవేళ మెమో సరిగ్గానే ఉండి తప్పు ఆధార్‌లో ఉంటే, ఆధార్ కేంద్రంలో మార్పించుకోవడం దీనికన్నా తేలిక.

ప్రశ్న: పిల్లలమర్రి దగ్గర దిగిన ఫొటోల మూలన ఫోన్ కంపెనీ పేరు పడింది. ఫోన్‌లోనే తీసేయొచ్చా?
– ఒక పాఠకురాలు, జడ్చర్ల

జవాబు: తీసేయొచ్చు. స్నాప్‌సీడ్‌లో హీలింగ్ తెరిచి ఆ పేరు మీద వేలితో రుద్దండి. వెనక మర్రి ఊడలూ ఆకులే కాబట్టి అతుకు తెలియదు. అందులో బ్రష్ సైజు మార్చే బటన్ ఉండదు, ఫొటోను జూమ్ చేసిన కొద్దీ బ్రష్ సన్నబడుతుంది. పేరు ఎవరి చీరె కొంగు మీదనో పడి ఉంటే బాగా జూమ్ చేసి ఒక్కో అక్షరాన్నే చెరపండి. ఇకముందు పడకుండా ఉండాలంటే కెమెరా సెట్టింగ్స్‌లో వాటర్‌మార్క్ ఆపేయండి.