ఐసీయూ నుంచి నాన్నగారిని ఇంటికి తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా నాన్నగారు (68) పక్షవాతంతో పద్దెనిమిది రోజులు ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నారు. తెమడ పరీక్షలో క్లెబ్సియెల్లా వచ్చిందని, మెరోపెనెం అనే బలమైన యాంటీబయాటిక్ కూడా పనిచెయ్యదని కొలిస్టిన్ అనే ఇంకో మందు ఇచ్చారు. జ్వరం తగ్గింది, వచ్చే వారం డిశ్చార్జి. కానీ మలద్వారం దగ్గర తీసిన స్వాబ్‌లో ఆ బాక్టీరియా ఇంకా ఉందట. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. తెచ్చుకోవాలంటే భయం, అలా భయపడుతున్నందుకు సిగ్గు. ఇది ఆస్పత్రిలోనే అంటిందా?
– ఒక కూతురు, తెనాలి

జవాబు: తెచ్చుకోండమ్మా. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

పాతికేళ్లుగా మైక్రోబయాలజీ ల్యాబులో పొద్దున్నే నేను చూసేది బాక్టీరియాని పెంచే ప్లేట్లనే. క్లెబ్సియెల్లా గులాబీ రంగు ముద్దలుగా పెరుగుతుంది. లూపుతో (సన్నని తీగ లాంటి పరికరం) తాకితే ఒక్కోసారి తీగపాకంలా సాగుతుంది. ఇంకో ప్లేటులో మందు బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం వస్తుంది. మెరోపెనెం బిళ్లని ఆనుకుని బాక్టీరియా పెరిగి కనిపించిన రోజు, వార్డుకి ఫోన్ చెయ్యాలంటే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది.

అన్ని రోజులు ఐసీయూలో ఉన్నారు కాబట్టి అక్కడే అంటి ఉండొచ్చు. కొందరి పేగుల్లో ముందే ఉంటుంది; వరసగా పడే యాంటీబయాటిక్స్ మంచి బాక్టీరియాని చంపేసరికి దీనికి చోటు దొరుకుతుంది. చేరిన రోజే స్వాబ్ తీసి ఉంటే తప్ప తేల్చి చెప్పలేం.

ఐసీయూలో ఇది ఎక్కువగా చేతుల మీదుగానే నడుస్తుంది. ఒకరి యూరిన్ బ్యాగు ఖాళీ చేసిన గ్లవ్‌తోనే పక్క మంచం ట్యూబు ముట్టుకుంటే చాలు. 2011లో అమెరికాలో ఎన్‌ఐహెచ్ (అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) ఆస్పత్రి అయిన క్లినికల్ సెంటర్‌కి ఒక్క రోగితో వచ్చిన ఇలాంటి క్లెబ్సియెల్లా ఆ ఏడాదే ఇంకో 17 మందికి పాకింది. మొత్తం 18 మందిలో 11 మంది పోయారు. అందులో ఆరుగురిని బలిగొన్నది ఈ ఇన్ఫెక్షనే. సింకు గొట్టాల్లోనూ, శుభ్రం చేసిన వెంటిలేటర్ మీదా అది దొరికింది. అంత పెద్ద ఆస్పత్రిలోనే అలా జరిగిందంటే, ముగ్గురు వెంటిలేటర్ రోగుల్ని ఒక్కతే చూసుకునే మన నర్సమ్మని తిట్టి లాభం లేదు. ఆమెకి తోడుగా ఇంకో మనిషినివ్వమని యాజమాన్యాన్ని అడగాలి.

ఇక స్వాబ్ సంగతి. బాక్టీరియా ఒంట్లో ఉండటం వేరు, జబ్బు చెయ్యడం వేరు. జ్వరం, ఆయాసం లాంటివి లేకపోతే పేగుల్లో ఉన్నదానికి మందు వద్దు. దాన్ని తరిమేద్దామని ఎవరైనా ఇంకో యాంటీబయాటిక్ కోర్సు రాస్తే, ఎందుకని గట్టిగా అడగండి. కొలిస్టిన్ కిడ్నీలని దెబ్బతీయొచ్చు. ఇంటికెళ్లే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతుందో కనుక్కోండి.

ఇంట్లో డైపరు మార్చాక, యూరిన్ ట్యూబు ఉంటే బ్యాగు ఖాళీ చేశాక, వంటింట్లోకి వెళ్లే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఆయన తువ్వాలు విడిగా ఉంచండి. కంచం, గ్లాసు మామూలుగా తోమితే చాలు. కల్చర్ రిపోర్టు (ఏ బాక్టీరియా ఉందో, ఏ మందు పనిచేస్తుందో చెప్పేది) ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టి, మళ్లీ ఏ ఆస్పత్రికెళ్లినా ముందు అదే చూపించండి. బెడ్ ఇవ్వరేమోనని కొందరు దాస్తారు. దయచేసి మీరు దాచకండి, పక్క మంచం మీద ఉండేదీ ఎవరో ఒకరి నాన్నే.

పాపని దూరం పెట్టకండి. తాతయ్య పక్కన కూర్చోనివ్వండి, చెయ్యి పట్టుకోనివ్వండి. లేచొచ్చాక చేతులు కడిగించండి, అంతే.