మందు కొట్టినా అగ్గి తెగులు మచ్చలు ఎందుకు పోవు?

సాంబ మసూరి వరి ఆకుల మీద మచ్చలు కనిపించగానే ట్రైసైక్లజోల్ అనే తెగులు మందు పిచికారీ చేసినా అవి పోలేదనీ, అసలు ఈ శిలీంధ్రం ఆకులోకి ఎలా దిగుతుందనీ మీరు అడిగారు. రెండో ప్రశ్నకు జవాబు తెలిస్తే మొదటిది దానంతటదే తేలిపోతుంది. తెనాలి పక్కన మా పొలంలో సార్వాకు (ఖరీఫ్‌కు) ఏళ్ల తరబడి ఇదే రకం వేస్తున్నాం.

అగ్గి తెగులు శిలీంధ్రం పేరు మాగ్నపోర్తే ఒరైజే. దాని సిద్ధబీజాలు, అంటే విత్తనాల్లాంటి సూక్ష్మ కణాలు, గాలిలో వచ్చి ఆకు మీద పడతాయి కానీ, ఆకు కొన్ని గంటలపాటు తడిగా ఉంటేనే లోపలికి దిగగలవు. రాత్రి మంచు పట్టే రోజులు వీటికి బాగా కలిసివస్తాయి. మొలకెత్తిన బీజం చివర ఒక గుండ్రటి బుడిపె ఏర్పడి, దాని గోడకు మెలనిన్ అనే నల్లటి పూత పడుతుంది. ఆ పూత వల్ల లోపల చేరిన గ్లిసరాల్ అనే పదార్థం బయటికి పోలేకపోతుంది, నీరు మాత్రం లోపలికి వస్తూనే ఉంటుంది. అలా పుట్టే పీడనం సుమారు 80 అట్మాస్ఫియర్లు, అంటే కారు టైరులోని గాలి పీడనానికి 30 రెట్లకు పైమాటే. ఆ ఒత్తిడితోనే ఒక సన్నని పోగు ఆకు పైపొరను చీల్చుకొని కణంలోకి దిగుతుంది.

ట్రైసైక్లజోల్ చేసే పని ఆ మెలనిన్ తయారు కాకుండా అడ్డుకోవడం. కాబట్టి బయట ఉన్న బీజం లోపలికి రాలేదు. అప్పటికే లోపల పాకిన శిలీంధ్రాన్ని మాత్రం అది పెద్దగా ఏమీ చేయలేదు. నూలు కండె ఆకారంలో, మధ్య బూడిద రంగుతో, గోధుమ రంగు అంచుతో మచ్చ కనబడేసరికి శిలీంధ్రం లోపలికి దిగి కొన్ని రోజులవుతుంది. అందుచేత పాత మచ్చలను కాక, మందు కొట్టిన తరువాత వచ్చిన ఆకులను చూసి ఫలితం అంచనా వేయండి.

అసలు నష్టం మెడ విరుపుతో వస్తుంది. వెన్ను మెడ దగ్గర నల్లటి పట్టీ పడ్డాక పైకి పోషకాలు అందక గింజలు తాలుపోతాయి, అప్పుడు ఏ మందు కొట్టినా దండగే. మేము పొట్ట దశ చివర, వెన్నులు తొంగిచూసే సమయానికి లీటరు నీటికి 0.6 గ్రాముల చొప్పున ట్రైసైక్లజోల్ పిచికారీ పూర్తి చేస్తాం. యూరియా కూడా ఒకేసారి కుమ్మరించకుండా మూడు దఫాలుగా వేస్తాం, ఎందుకంటే యూరియా ఎక్కువై ముదురుపచ్చగా తిరిగి, గట్టు మీద నిలబడి అందరూ మెచ్చుకునే చేనే ఈ తెగులుకు ముందుగా దొరుకుతుంది.

మచ్చలు ఆకు మీద కాకుండా నీటి మట్టానికి కాస్త పైన ఆకు తొడుగుల మీద పాము పొడలాగా ఉంటే అది రైజోక్టోనియా అనే మరో శిలీంధ్రం వల్ల వచ్చే వేరే తెగులు. దానికి ట్రైసైక్లజోల్ పనిచేయదు. లీటరు నీటికి 2 మి.లీ. హెక్సాకొనజోల్ అనే మందు కలిపి దుబ్బుల మొదళ్లు తడిసేలా కొట్టాలి.