పాటల సర్వర్‌కు ఐ7 అక్కర్లేదు, ముందు కేబుల్ చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: ఇంట్లో పాటల సర్వర్ (పాటల ఫైళ్లు దాచి, ఇంట్లోని ప్లేయర్లకు పంపే కంప్యూటర్) పెట్టుకుందామనుకుంటున్నాను, 2015 నాటి లాప్‌టాప్ ఒకటి ఖాళీగా ఉంది, అది సరిపోతుందా, లేక ఇంటెల్ ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్‌తో కొత్తది కొనాలా అని. కొనకండి. ఆ డబ్బు నేను ఒకసారి పోశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

మాది విజయవాడ. నాన్నగారికి మధ్యాహ్నం భోజనం చేసి పడుకునే ముందు ఒక గంట పాటలు వినడం అలవాటు. ఘంటసాల, బాలమురళీకృష్ణ, అన్నమయ్య కీర్తనలు. సీడీలన్నీ ఫ్లాక్‌లోకి (నాణ్యత తగ్గకుండా పాటను కుదించే ఫైలు పద్ధతి) మార్చి, హాల్లో ఒక పాత డెస్క్‌టాప్‌ని సర్వర్ చేసి, ఆయన గదిలో స్పీకర్ల పక్కన ప్లేయర్‌గా రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ పెట్టాను. చలికాలమంతా బాగానే నడిచింది. మే నెల వచ్చేసరికి మధ్యాహ్నం పూట పాట మధ్యలో ఆగిపోవడం మొదలైంది. రాగం అందుకుని చరణంలోకి వెళ్లేలోపు ఠక్కున నిశ్శబ్దం. నాన్నగారు ఏమీ అనేవారు కాదు, కళ్లజోడు తీసి పక్కన పెట్టేసేవారు. అది చూస్తే నాకు ఇంకా కష్టంగా ఉండేది.

పొద్దున బాగా పాడేది మధ్యాహ్నమే ఆగుతుంటే ఎవరికైనా ఎండ మీదికే అనుమానం పోతుంది. షాపులో అడిగితే, "వేడికి ప్రాసెసర్ స్లో అవుతుంది సార్, రోజంతా నడిచే సర్వర్‌కి ఐ7 ఉండాల్సిందే" అన్నారు. 48 వేలు పెట్టి తెచ్చాను. రెండో రోజు మధ్యాహ్నం పాట మళ్లీ ఆగింది.

అప్పుడు గాని కూర్చుని చూడలేదు. పాట నడుస్తుండగా ప్రాసెసర్ వాడకం ఒకటి రెండు శాతం, అంతే. ఇక ఆయన గదిలో నేల మీద కూర్చుని ఆ చిన్న డబ్బా వెనకవైపే చూస్తూ ఉన్నాను. నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చోట చిన్న లైట్ మిణుకుమంటోంది. అమ్మ వచ్చి, ఏసీ చల్లదనం బయటికి పోతోందని తలుపు దగ్గరికి లాగింది. లైట్ ఆరిపోయింది. పాట మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. కొన్ని సెకన్ల తర్వాత ఆగింది.

సంగతి ఏమిటంటే, వైరింగ్ చేసిన అతను గోడకు కన్నం పెట్టే బదులు తలుపు మడతబందుల పక్కనుంచి కేబుల్ లాగాడు. తలుపు పూర్తిగా వేస్తే అది గుమ్మానికీ తలుపుకీ మధ్య నలుగుతుంది. వేసవిలో తప్ప ఆ తలుపు ఎవరూ వెయ్యరు. పైగా ప్లేయర్ కొంత పాటను ముందే తెచ్చుకుని దాచుకుంటుంది కదా, తలుపు వేసిన క్షణానికీ పాట ఆగిన క్షణానికీ పొంతన కుదరలేదు. గోడకు కన్నం వేయించి కొత్త కేబుల్ లాగించాను. ఆరోజు నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు.

లెక్క కూడా చూడండి. సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 శాంపిళ్లు (ధ్వని కొలతలు), ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానెళ్లు. మొత్తం సెకనుకు 14 లక్షల బిట్లు. ఫ్లాక్‌లో ఇంకా తగ్గుతుంది. 100 ఎంబీపీఎస్, అంటే సెకనుకు పది కోట్ల బిట్లు మోసే కేబుల్‌కి అది నూటిలో ఒకటిన్నర వంతు. సర్వర్ చేసే పని డిస్క్ మీద ఉన్న ఫైలు తీసి పంపడమే. ఇందులో ఐ7కి పనేముంది?

ప్రాసెసర్ కావాల్సిన సందర్భాలు లేకపోలేదు. రూన్ లాంటి పెద్ద సంగీత సాఫ్ట్‌వేర్లు పెట్టేవాళ్లకు ఐ3 స్థాయిది కావాలి. పాటను డీఎస్‌డీ అనే మరో ధ్వని పద్ధతిలోకి, ఇంకా ఎక్కువ శాంపిళ్లతో మార్చేవాళ్లకు (అప్‌శాంపిల్) ఇంకా పెద్దది కావాలి. అదే యంత్రంలో జెల్లీఫిన్ అనే వీడియో సర్వర్ పెట్టి సినిమాలు ట్రాన్స్‌కోడ్ చేయిస్తే, అంటే చూసే పరికరానికి తగ్గట్టు అప్పటికప్పుడు మార్పిస్తే, అది వేరే సంగతి. మొదటిసారి పాటలన్నీ స్కాన్ చేసేటప్పుడు చిన్న యంత్రం కాస్త ఎక్కువసేపు తీసుకుంటుంది. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దుటికి అయిపోతుంది. రోజూ చేసే పని కాదది.

ఇప్పుడు నా సర్వర్ 2 జీబీ ర్యామ్ ఉన్న రాస్ప్‌బెర్రీ పై 4. అందులో లిరియన్ అనే పాటల సర్వర్ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది, పాత లాజిటెక్ మీడియా సర్వరే ఈ పేరుతో వస్తోంది. ప్లగ్ మీటర్ పెట్టి చూస్తే డెస్క్‌టాప్ ఊరికే ఉన్నా 52 వాట్లు లాగేది, అంటే నెలకు 37 యూనిట్లు. ఇది డిస్క్‌తో కలిపి 6 వాట్లు, నెలకు నాలుగు యూనిట్ల పైచిలుకు. వేసవిలో ఏసీ బిల్లుకు తోడు స్లాబు మారేవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది.

నిజంగా టెన్షన్ పెట్టేది ట్యాగులు, అంటే ఫైల్లోనే రాసి ఉండే పాట, గాయకుడి వివరాలు. ఘంటసాల పేరు నా దగ్గరున్న ఫైళ్లలో నాలుగు రకాలుగా ఉంది. ఇంగ్లీషులో హెచ్ ఉన్నది, హెచ్ లేనిది, ఘంటసాల వెంకటేశ్వరరావు అని పూర్తి పేరు, తెలుగు లిపిలో ఒకటి. సర్వర్ వాళ్లను నలుగురు గాయకులుగా చూపిస్తుంది. కొన్ని సినిమా పాటలకు గాయకుడి చోట హీరో పేరుంటుంది! అన్నమయ్య కీర్తన అయితే రాసినది ఆయన, బాణీ కట్టినది ఇంకొకరు, పాడినది మరొకరు. ముగ్గురికీ గౌరవంగా చోటిచ్చే పద్ధతి ఎవరూ ముందుగా ఆలోచించినట్టు లేదు. అన్నీ నేనే చేత్తో సరిచేసుకున్నాను, నాలుగు నెలల ఆదివారాలు పట్టింది. ఏ ప్రాసెసరూ ఈ పని చేసిపెట్టదు.

మీ లాప్‌టాప్ విషయానికొస్తే, అది పుష్కలంగా సరిపోతుంది. మిగిలిన డబ్బుతో రెండు 2 టీబీ డిస్కులు తీసుకోండి. ఒకటి పాటలకు, రెండోది వాటి కాపీకి. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు పోయినా ఠక్కున ఆరిపోదు. కాకపోతే పాత బ్యాటరీ రోజంతా ఛార్జింగ్‌లో ఉంటే ఉబ్బే ప్రమాదం ఉంది. ఒకసారి తిరగేసి అడుగుభాగం చదునుగా ఉందో లేదో చూడండి. ఉబ్బి ఉంటే దాన్ని తీయించాకే ప్లగ్ పెట్టండి.