మిలాన్‌లో చూసిన పాత సొరుగుల బీరువా: కొనొచ్చా? పాలిష్ పెట్టించొచ్చా?

ప్రశ్న: మేం మిలాన్‌లో ఉంటున్నాం. ఇక్కడ పాత సామాన్ల షాపులో మూడు సొరుగుల చెక్క బీరువా ఒకటి చాలా నచ్చింది. ముందు వైపంతా రకరకాల చెక్కముక్కలు పొదిగి చేసిన తీగలు, మధ్యలో గుండ్రటి చట్రంలో ఒక ముఖం. మజ్జోలీని అనే పాతకాలపు పేరున్న వడ్రంగి చేసిందంటున్నాడు షాపాయన, కానీ సంతకం లేదు. కొనొచ్చా? రంగు వెలిసింది కాబట్టి గీకించి పాలిష్ పెట్టిద్దామని మావారు అంటున్నారు.
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీవారిని ఆపండి. ఆ బొమ్మ ఉన్నది రంపంతో కోసిన పల్చటి చెక్క పొరలో, మందం మహా అయితే రెండు మూడు మిల్లీమీటర్లు, ఇన్నేళ్ల వాడకంలో అదీ అరిగి ఉంటుంది. ఆకుల అంచున గోధుమరంగు నీడ కనిపిస్తుంది చూడండి, అది పూసిన రంగు కాదు, చిన్న చిన్న ముక్కల అంచుల్ని వేడి ఇసుకలో గుచ్చి, ఎంత మాడాలో అంతే మాడనిచ్చి తీసి అతికించారు. సాండ్‌పేపర్ తగిలితే ఆ నీడ పోతుంది, మళ్లీ ఎవరూ తేలేరు.

ఇక సంతకం. జుసెప్పె మజ్జోలీని (1738–1814) మీ ఊరికి దగ్గర్లోని పరబియాగోలో మఠానికి వడ్రంగిగా మొదలై, మిలాన్‌లో గవర్నరుగా ఉన్న ఆస్ట్రియా రాకుమారుడు (ఆర్చ్‌డ్యూక్) ఫెర్డినాండ్‌కి పనిచేసేదాకా ఎదిగాడు. సంతకం చేసినవి తక్కువే. ఆయన తర్వాత కొడుకు, శిష్యుడు అదే పని నడిపారు, ఆ ప్రాంతంలో ఇంకెందరో అదే పద్ధతిలో చేశారు. ఆయన వర్క్‌షాప్ డ్రాయింగులు మిలాన్‌లోనే, స్ఫోర్జా కోటలో ఉన్నాయి. మీ బీరువా మీది ముఖం అక్కడి డ్రాయింగ్‌తో కలిసినా, అది చూసి వేరేవాళ్లు చేసి ఉండొచ్చు. అందుకని, ఆయన పేరు చెప్పి ఎక్కువ ధర అడిగితే ఆ పేరు బిల్లు మీద రాసిమ్మనండి. రాయనంటే ‘ఆ పద్ధతిలో చేసింది’ అన్న ధరకే బేరమాడండి.

నేనైతే బొమ్మకన్నా ముందు సొరుగులు లాగి టార్చి వేసి చూస్తాను. మూలల్లో పలకలు ఒకదాన్లో ఒకటి దూరిన పళ్లు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే చేతిపని. సొరుగు జారే చోట చెక్క అరిగి ఉండాలి, అన్నీ కొత్తగా, సమంగా ఉంటే అనుమానించాల్సిందే. లోపల పిడి వెనకాల అదనపు రంధ్రాలుంటే పిడులు మార్చారని అర్థం, అది పెద్ద లోపమేం కాదు. కింద తాజాగా చెక్కపొడి రాలుతుంటే మాత్రం పురుగు ఇంకా బతికే ఉంది, మందు వేయించనిదే ఇంట్లోకి తేకండి.

అదే కాలంలో మన విశాఖపట్నం పనివాళ్లు ఈస్టిండియా కంపెనీ దొరల కోసం దంతం పొదిగిన బీరువాలు చేశారు. వాటికైనా వీటికైనా జాగ్రత్త ఒకటే: తడిగుడ్డ పెట్టి తుడవొద్దు, ఎందుకంటే పాత జిగురు నీటికి వదిలేస్తుంది. హీటరు పక్కన అసలే వద్దు. వెలిసిన రంగు అలాగే ఉండనివ్వండి, పొర ఎక్కడైనా లేస్తే పాత ఫర్నిచర్ బాగుచేసేవాళ్లకే చూపించండి.