చెకుముకి తుపాకీలో రాయి మొద్దుబారితే పదును పెట్టేదెలా?

ముందు నిప్పురవ్వ ఎక్కడిదో తెలియాలి. మండేది రాయి కాదు, ఉక్కు. రాయి అంచు ఎదురుగా ఉన్న ఉక్కు పలకను గీరగానే సన్నటి ఉక్కు రజను లేచి, ఆ వేడికి గాలిలో అంటుకుంటుంది. అంచు మొద్దుబారితే గీరలేదు.

రవ్వలు తగ్గాయని రాయిని వెంటనే పారేయకండి. చాలాసార్లు అంచుకు పట్టిన తుపాకీ మందు మసే కారణం, తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే చాలు. రాయి వదులైందేమో కూడా చూడండి. రాయిని పట్టుకునే సుత్తి దవడల మధ్య తోలు ముక్కలో బిగుతుగా, అంచు మొత్తం పలకకు ఒకేసారి తగిలేలా ఉండాలి.

అప్పటికీ కాకపోతే పదును పెట్టాలి. తుపాకీలో మందు లేదని రెండుసార్లు చూసుకోండి. రాయిని బయటకు తీసి, మందపాటి తోలు మీద పెట్టి, రాగి లేదా ఇత్తడి కడ్డీ మొనను అంచుకు ఆనించి కిందికి నొక్కండి. చిటుక్కుమని చేప పొలుసంత పెచ్చు ఊడుతుంది. అలా ఈ చివర నుంచి ఆ చివరకు. సానరాయి మీద మాత్రం రుద్దొద్దు, ధూళి లేస్తుంది. అది ఊపిరితిత్తులను తినేస్తుంది. ఇంగ్లండ్‌లోని బ్రాండన్‌లో ఈ రాళ్లు చెక్కినవాళ్లు ఎందరో సిలికోసిస్ అనే, రాతి ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. కళ్లకు రక్షణ అద్దాలు, ముఖానికి మాస్కు పెట్టుకుని ఆరుబయటే చేయండి.